ఎందాకా అంటే ఇక్కడికే

ఆ రోజుల్లో మా వైపు మనిషి ఇంట్లోంచి బయలుదేరడమంటే ఇవాళ్టిలా చెప్పులు తొడుక్కుని గుమ్మం దాటేయడం కాదు. ముందు పంచాంగం చూడాలి, తరవాత వీధి అటూ ఇటూ చూడాలి, ఇంకా పొద్దు మిగిలి ఉంటే అప్పుడు కాలు బయట పెట్టాలి. పిల్లి అడ్డం రాకూడదు, ఎవరూ తుమ్మకూడదు, కట్టెల మోపు ఎదురు కాకూడదు, ఒంటి బ్రాహ్మడు అసలే ఎదురు కాకూడదు. (ఇద్దరు బ్రాహ్మలు కలిసి వస్తే శుభం, ఒక్కడే వస్తే అశుభం. ఆ ఒక్కడు చేసిన పాపమేమిటి, రెండోవాడు తెచ్చే పుణ్యమేమిటి అని చిన్నప్పుడు మా నాన్నని అడిగితే ఆయన నా వీపు మీద సమాధానం చెప్పారు. మేమూ బ్రాహ్మలమే కాబట్టి ఆ ప్రశ్న ఆయనకి నచ్చలేదనుకుంటాను.) వీటన్నిటినీ మించిన నియమం ఇంకొకటుంది. పని మీద బయలుదేరిన మనిషిని 'ఎక్కడికి?' అని అడగకూడదు. అడిగితే ఆ పని చెడిందన్న మాటే. మరీ ఆత్రం ఆపుకోలేకపోతే 'ఎందాకా?' అనొచ్చు. దానికి ఆ వెళ్ళేవాడు, కాశీకి వెళ్తున్నా సరే, 'ఇక్కడికే' అనేసి సాగిపోవాలి. ఆ 'ఇక్కడికే' అన్న మాట పట్టుకుని నేనొకసారి వరద గోదావరిలో సగం దూరం వెళ్ళొచ్చాను.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు నిండాయో లేదో. రాజమండ్రిలో ఇంగ్లీషు చదువు వెలగబెట్టి, ఉద్యోగం దొరక్క, వసిష్ఠ ఒడ్డున ఉన్న మా ఊరికి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాను. చదువుకునే రోజుల్లో నేనూ నా సావాసగాళ్ళూ శకునాలు చూసేవాళ్ళని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. గ్రహణం ఎందుకు పడుతుందో సుద్దముక్కతో గీసి చూపించగలిగినవాడికి బల్లి మీద పడితే భయమేమిటని మా ధీమా. ఆ ధీమా ఒక్క పూటలో పోయింది. సెలవులయ్యాక పాలకొల్లు కాలవగట్టు మీద రాజమండ్రి పడవ ఎక్కబోతుంటే, గొడుగు వేసుకుని ఒంటి బ్రాహ్మడొకాయన ఎదురొచ్చాడు. నేను నవ్వేసి ఎక్కేవాణ్ణే. సాగనంపడానికి వచ్చిన అమ్మ నా చెయ్యి వదల్లేదు. "రేపటి పడవకి వెళ్దువుగాని నాయనా, నా మాట విను," అంది. విసుక్కుంటూ ఆగిపోయాను. ఆ పడవ లాకుల దగ్గర తిరగబడింది. కొందరు ఈదుకుని గట్టెక్కారు. కొత్త కాపురానికి వెళ్తున్న ఒక జంట మాత్రం దక్కలేదు. ఆ కబురు వినేసరికి నా ఇంగ్లీషు చదువంతా కాలవలో కలిసిపోయింది.

ఇక నన్ను పట్టగలవాళ్ళు లేకపోయారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, ఇంట్లో పెద్దవాళ్ళు నమ్మేదానికి నేను రెండింతలు నమ్మడం మొదలుపెట్టాను. ఎడమకన్ను అదిరిన రోజున పాలు విరిగితే 'అదిగో' అనేవాణ్ణి. పాలు విరక్కపోతే సాయంత్రం దాకా కాచుకుని, కాలికి ముల్లు గుచ్చుకోగానే 'అదిగో' అనేవాణ్ణి. ఏమీ జరగని రోజులు కూడా బోలెడు ఉండేవి, కానీ అవి నాకు గుర్తుండేవి కావు. ఊళ్ళో వాళ్ళు ప్రయాణాలకి ముందు నన్ను సలహా అడిగే దాకా వచ్చింది వ్యవహారం. ఎదురుగా ఉన్నప్పుడు 'శాస్త్రులుగారు' అనేవారు, అటు తిరగగానే 'శకునపక్షి' అనేవారు. (ఈ రెండో పేరు నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. చెప్పింది మా ఆవిడ.)

ఆ ఏడు శ్రావణంలో గోదావరి కట్టలు తెంచుకుంటుందా అన్నట్టు వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట కనపడకుండా నీళ్ళు దూకుతున్నాయని పై నుంచి కబుర్లు వచ్చేవి. మా ఊళ్ళో మగవాళ్ళంతా ఏటిగట్టు కాపలాకి వెళ్ళారు. నాన్న వ్యాజ్యం పని మీద కాకినాడ వెళ్ళి అక్కడే చిక్కుబడిపోయారు. ఇంట్లో అమ్మ, మామ్మ, నేను, తొలికాన్పుకి పుట్టింటికి వచ్చిన మా అక్క. సరిగ్గా అప్పుడే అక్కకి నొప్పులు మొదలయ్యాయి. ముందు రోజు సాయంత్రం మొదలైన నొప్పులు తెల్లారినా తెమల్లేదు. మా ఊరి మంత్రసాని ఆ వేసవిలోనే కాలం చేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తెలిసినవన్నీ చేసి చేసి, చివరికి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ చూపులు నాకు ఇప్పటికీ గుర్తే.

అమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. జుట్టంతా చెదిరిపోయి ఉంది. "ఏటవతల ముసలమ్మ ఉందిట కదరా, అడ్డం తిరిగిన బిడ్డని కూడా సర్ది బయటికి తీస్తుందిట. వెళ్ళి తీసుకురా," అంది. నేను ఉత్తరీయం భుజాన వేసుకుని లేచేసరికి మళ్ళీ పిలిచి, నా చెయ్యి తన తల మీద పెట్టుకుంది. "పురుడు గండంలో ఉందని నలుగురి నోళ్ళలో పడితే దిష్టి. ముసలమ్మ మన గుమ్మం తొక్కేదాకా ఎవరడిగినా చెప్పకు. నా మీద ఒట్టు," అంది. నేను ఒట్టేశాను. అమ్మ అడక్కపోయినా చెప్పేవాణ్ణి కాదు. ఆ మాత్రం శాస్త్రం నాకు తెలీదూ?

గుమ్మం దిగానో లేదో, ఎదురింటి గోధుమరంగు పిల్లి వీధికి అడ్డంగా, తీరిగ్గా, తన పెళ్ళి ఊరేగింపులా నడిచి వెళ్ళింది. వెనక్కి వచ్చాను. పద్ధతి ప్రకారం కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు అందుకున్నాను. లోపల అక్క 'అమ్మా' అని అరిచింది. అయినా నీళ్ళు పూర్తిగా తాగే లేచాను. మళ్ళీ మెట్టు దిగబోతుంటే అరుగు మీద కూర్చున్న మామ్మ గట్టిగా తుమ్మింది.

"ఒక్కటేనా?" అన్నాను ఆగిపోయి.

"ఒక్కటేరా నాయనా," అంది మామ్మ, తప్పు చేసినదానిలా.

"ఇంకోటి తుమ్ము మామ్మా. రెండైతే దోషం లేదు."

"అది నా చేతిలో ఉందిట్రా? రావద్దూ?"

అమ్మ పరుగున వెళ్ళి పొడుం డబ్బీ తెచ్చింది. మామ్మ చిటికెడు పొడుం పీల్చి, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి కూర్చుంది. అమ్మా నేనూ ఆవిడ ముక్కు వంకే చూస్తూ నిలబడ్డాం. "వస్తోంది... వస్తోంది..." అని, "పోయిందిరా," అంది మామ్మ. లోపల అక్క మళ్ళీ అరిచింది. ఈసారి గొంతులో బలం తగ్గింది, అది ఇంకా భయంగా ఉంది. అమ్మ కళ్ళనీళ్ళతో "అత్తయ్యగారూ, మీకు పుణ్యముంటుంది," అని ఇంకో చిటికెడు తనే పెట్టింది. మామ్మ తుమ్మింది. నేను అడుగు వేసేలోగా ఇంకోటి కూడా తుమ్మింది. ముందుదానితో కలిపితే మూడు. మూడుకి ఫలితమేమిటని నేను ఆలోచిస్తూ నిలబడితే అమ్మ రెండు చేతులతో నన్ను వీధిలోకి తోసింది.

రేవు దగ్గర పడవలన్నీ గట్టుకి కట్టేసి ఉన్నాయి. వరదకి గుడిసెలు మునిగిపోయి పల్లెకారులు ఏటిగట్టు మీదే తాటాకు పాకలు వేసుకుని ఉన్నారు. రేవుకి ఆనుకుని ఉన్న పాక రేవు పడవ నడిపే సరంగుది. నేను అక్కడికి చేరేసరికి ఆ పాకలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నా ప్రాణం లేచొచ్చింది. మంత్రసాని కోసం బయలుదేరినవాడికి పసిబిడ్డ ఏడుపు వినపడటం కంటే శుభశకునం ఏముంటుంది? పిల్లి దోషమూ తుమ్ముల దోషమూ ఒక్క దెబ్బకి పోయాయని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆ ఏడుపులో నాకు శకునం వినిపించింది గానీ, ఆ పాకలో ఓ పసిబిడ్డ ఉంది, ఆ బిడ్డ ఎలా పుట్టింది, ఎవరు పురుడు పోశారు అనే ఆలోచన నా మట్టిబుర్రకి తట్టలేదు.

సరంగు నన్ను చూసి లేచాడు. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగి చూశాడు. ఎవరూ లేకపోయేసరికి అతని మొహం వాడిపోయింది.

"ఒక్కరే వచ్చారేంటండీ బాబుగారూ?"

"ఒక్కణ్ణే. పడవ దింపు సరంగూ. అవతలికి వెళ్ళాలి."

"ఎందాకండీ?"

"ఇక్కడికే."

సరంగు ఏటి వైపు చూశాడు. ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతూ పోతున్నాయి. పైనెక్కడో కొట్టుకొచ్చిన చెట్లు, ఒక పాక కప్పు, దాని మీద బిక్కుబిక్కుమంటూ ఒక కోడి. అవతలి ఒడ్డు అసలు కనపడటం లేదు. "ఆయ్, ఇక్కడికేనండి," అన్నాడు నెమ్మదిగా. ఆచారం తెలిసిన మనిషి, రెండో మాట అడగలేదు.

"తమరంతటోరు దింపమంటే దింపకపోడమా అండి. కానండీ, ఒంటి బ్రాహ్మలెదురైతే ఏట్లో పడవెయ్యకూడదండి. మామూలు రోజుల్లోనే ఎయ్యమండి. ఇయ్యాల గోదారమ్మ ఎలాగుందో తమరే చూత్తున్నారు. మొన్న సంతలో తమరే కదండీ చెప్పారు, ఒంటి బ్రాహ్మడెదురైతే ఎంత పనున్నా ఎనక్కి తిరగాలని?"

చెప్పాను. చుట్టూ పదిమందిని కూర్చోబెట్టుకుని కాలవ పడవ కథతో సహా చెప్పాను. ఇంతకాలం ఎదురొచ్చే బ్రాహ్మల్ని చూసి పక్కసందులోకి తప్పుకున్నానే గానీ, నేనే ఒకరికి ఎదురొచ్చే బ్రాహ్మణ్ణని నాకెప్పుడూ తోచలేదు. ఏం చెయ్యాలో తెలియక, "నేను బ్రహ్మచారిని సరంగూ. పెళ్ళి కాలేదు. పూర్తి బ్రాహ్మడి కింద లెక్క కాదు," అన్నాను. సరంగు గడ్డం గోక్కుంటూ, పడవలో నీళ్ళు తోడుతున్న కొడుకు వైపు చూశాడు. ఆ కొడుకు బాగా ఆలోచించి, "అరబ్రాహ్మలైతే సగం ఏరే దాటుతామేమో నాన్నా," అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు.

"ఇంకొక్క బ్రాహ్మల్ని తీసుకొచ్చెయ్యండి బాబుగారూ," అన్నాడు సరంగు. "ఇద్దరైతే అంతకన్నా మంచి శకునం లేదండి. కన్ను మూసి తెరిచేలోగా దింపేత్తాను."

ఊళ్ళో మగవాళ్ళంతా గట్టు మీద ఎక్కడెక్కడో ఉన్నారు. ఇంటి పట్టున ఉండే బ్రాహ్మడు ఒకే ఒక్కరు, మా పంచాంగం తాతగారు. ఊరి ముహూర్తాలన్నీ పెట్టేది ఆయనే, నాకు ఈ విద్యలో గురువు కూడా ఆయనే. పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు.

"తాతగారూ, ఒక్కసారి రేవు దాకా రావాలి. ఊరికే నా పక్కన నిలబడితే చాలు."

"వర్జ్యం నడుస్తోందిరా. అది దాటేదాకా నేను గుమ్మం దిగను."

"ఎంతసేపుంటుందండీ?"

"ఎంతసేపు, అన్నం వార్చి, పులుసు కాగేటంతసేపు. ఇంతకీ ఎందాకా ప్రయాణం?"

"ఇక్కడికేనండి."

"ఇక్కడికే అయితే తొందరేముందిరా? కూర్చో. మజ్జిగ తాగుతావా?"

నోటి దాకా వచ్చింది. అక్క చచ్చిపోయేలా ఉంది తాతగారూ అని అరవాలనిపించింది. అమ్మ తల మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చి మాట మింగేశాను. మాట ఆగింది గానీ కన్నీళ్ళు ఆగలేదు. ఇరవయ్యేళ్ళవాణ్ణి వీధిలో నిలబడి ఏడుస్తుంటే తాతగారు కంగారుపడ్డారు. ఎందుకురా అని మాత్రం అడగలేదు (పెద్దమనిషి, ఆచారవంతుడు). కాసేపు కళ్ళు మూసుకుని, అరుగు కింద విడిచిన తన పాదుకలు చూపించారు. "నేను రాకూడదు గానీ ఇవి తీసుకెళ్ళు. పాదుకలు రాజ్యాలే ఏలాయి. ఏరు దాటించలేవా?"

"మరి వీటికి వర్జ్యం లేదాండీ?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. అంత ఏడుపులోనూ నా శాస్త్రజ్ఞానం నన్ను వదల్లేదు.

"అవి నడవవు కదరా. నువ్వు మోస్తున్నావు. వర్జ్యం నడిచేవాళ్ళకి."

ఆ పాదుకల్ని గుండెకి హత్తుకుని రేవుకి పరుగెత్తాను. దారిలో మా ఇంటి సందు వచ్చినప్పుడు చెవులు మూసుకుందామనుకున్నాను, చేతులు ఖాళీ లేవు. అదృష్టమో దురదృష్టమో, ఏమీ వినపడలేదు. ఏమీ వినపడకపోవడమేమిటని ఇంకో భయం పట్టుకుంది. సరంగు పాదుకల్ని చూసి కళ్ళకద్దుకుని, "తాతగారొచ్చినట్టేనండి," అని పడవ దింపాడు. పాదుకల్ని బల్ల మీద పెట్టి, "కాత్త పక్కకి జరగండి బాబుగారూ, తాతగారికి చోటియ్యండి," అన్నాడు. జరిగాను. కొడుకు ముందు తెడ్డు పట్టాడు, తండ్రి వెనక చుక్కాని పట్టాడు. గోదారమ్మకి దణ్ణం పెట్టి తాడు విప్పారు.

ఒడ్డు వదిలాక పడవ మా చేతుల్లో లేదు. ఏరు ఎటు తోస్తే అటు పోతోంది, ఆ పోవడంలోనే కాస్త కాస్త అవతలికి జరుపుతున్నారు వాళ్ళిద్దరూ. ఒక చెట్టు మొదలు మా పక్కనుంచి బుసకొట్టుకుంటూ పోయింది. దాని వేరు తగిలి పడవ ఇటు ఒరిగింది, నీళ్ళు నా ఒళ్ళోకి వచ్చాయి. నేను ఒక చేత్తో పడవ అంచునీ ఇంకో చేత్తో పాదుకల్నీ పట్టుకుని, నోటికొచ్చిన దేవుళ్ళందరినీ తలుచుకుంటున్నాను. అప్పుడు, ఎందుకో తెలియదు, ఆ కాలవ పడవలో పోయిన కొత్తజంట గుర్తొచ్చింది. కొత్త కాపురానికి పంపేటప్పుడు ముహూర్తం పెట్టకుండా పంపుతారా? ముత్తైదువని ఎదురు రమ్మని ఉంటారు, నిండుకుండ ఎదురు పెట్టి ఉంటారు, ఇంటిల్లిపాదీ వీధిలో నిలబడి పిల్లీ తుమ్మూ లేకుండా చూసుకుని ఉంటారు. నాకు జరిగినదాన్ని ఊరంతా చెప్పుకు తిరిగాను గానీ వాళ్ళకి ఏ శకునం ఎదురొచ్చిందో నేనొక్కసారి కూడా అడగలేదు. ఆ ఆలోచన నా ఒళ్ళో నీళ్ళకంటే చల్లగా తగిలింది. నేను నమ్ముకున్నది తప్పయితే, పిల్లి కోసమూ తుమ్ముల కోసమూ పోగొట్టిన ఆ కాసేపటిలో అక్క ఏమైందో?

నడి ఏటికి వచ్చాక సరంగు గొంతు సవరించుకున్నాడు.

"బాబుగారూ, ఒడ్డొదిలేశాం కదండి. ఇంక అడగొచ్చండి. ఇంత వరదలో ఏం పనండీ తమరికి?"

అమ్మ మీద ఒట్టు గుర్తొచ్చింది. మనిషి ప్రాణాలొడ్డి పడవేశాడన్నదీ గుర్తొచ్చింది. "అక్కకి నిన్నటినుంచీ నొప్పులు సరంగూ," అనేశాను. "అవతలొడ్డు మంత్రసాని ముసలమ్మ కోసం."

ముందున్న కొడుకు తెడ్డు వెయ్యడం మానేసి వెనక్కి తిరిగాడు. నోరు తెరుచుకుని ఉంది. పడవ అడ్డం తిరిగింది.

"ముసలమ్మ కోసమాండీ?" అన్నాడు సరంగు.

"అవును."

"అయ్ బాబోయ్! ముసలమ్మ మా పాకలోనే ఉందండీ! తమరు నిలబడ్డ చోటుకి ఆనుకునేనండి! వరదొచ్చేత్తాదని ముందే తీసుకొచ్చి ఇంట్లో ఎట్టుకున్నామండి. తెల్లారగట్ట మా కోడలికి మగబిడ్డండి!"

నేను అరిచాను. "మరి చెప్పవేం?"

"పురిటిల్లని తెలిత్తే తమరు మైలని నా పడవెక్కరని ఊరుకున్నానండి. తమరైనా చెప్పలేదేంటండీ?"

"నువ్వు అడగలేదు కదా!"

"ఎక్కడికని అడక్కూడదు కదండీ!"

నడి గోదావరిలో ఇద్దరం ఒకళ్ళ మీద ఒకళ్ళం అరుచుకున్నాం. ఇద్దరిలో ఎవరూ ఆచారం తప్పలేదు, అదే వచ్చిన చిక్కు. కొడుకే ముందు తేరుకున్నాడు. "తిప్పెయ్ నాన్నా," అన్నాడు. సరంగు చుక్కాని కదపలేదు. అతని మొహంలో అంతవరకూ లేని భయం కనిపించింది. "దణ్ణమెట్టి దింపిన పడవ అవతలొడ్డు తగలకుండా తిప్పితే ఇంటికి చేరదంటారండీ మావోళ్ళు," అన్నాడు. నవ్వలేకపోయాను. ఆ మాట వినగానే నాకూ అదే భయం పట్టుకుంది. ఆ క్షణాన నాకు చదువూ లేదు, శాస్త్రమూ లేదు, వాటిలో ఏది నిజమో తేల్చుకునే తీరికా లేదు. "తిప్పు సరంగూ," అన్నాను. "చేరకపోతే మనం పోతాం. తిప్పకపోతే మా అక్క పోతుంది." కొడుకు తండ్రి వంక చూసి, "రాత్రి నా పెళ్ళాం అరిచింది గుర్తు లేదా?" అన్నాడు. సరంగు కళ్ళు మూసుకుని చుక్కాని తిప్పాడు.

పడవ ఒక పక్కకి పూర్తిగా ఒరిగింది. అంచు మీంచి నీళ్ళు దూకాయి. బల్ల మీద పాదుకల్లో ఒకటి జారి ఏట్లో పడి, మమ్మల్ని దాటుకుని అంతర్వేది వైపు హడావిడిగా వెళ్ళిపోయింది. "తాతగారు!" అని అరిచాడు సరంగు. రెండోదాన్ని నేను కాలితో తొక్కిపట్టాను. (గురువుగారి పాదుకని కాలితో తొక్కానని ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.) ముగ్గురం చేతులతో, దోసిళ్ళతో నీళ్ళు తోడుతూ, ఎక్కిన రేవుకి చాలా దిగువన, తుమ్మచెట్లలో ఒడ్డుకి కొట్టుకున్నాం. ఒళ్ళంతా ముళ్ళతో సరంగు పాక దాకా పరుగెత్తాను. లోపల ముసలమ్మ గంజి తాగుతోంది. నేను ఇంకా నోరు విప్పకుండానే, "ఇందాకట్నించీ బయట పడవ పడవని గోల పెడతన్నది నువ్వేనా బాబూ?" అంది. విషయం వినగానే గంజి ముంత పక్కన పెట్టి, కొంగు నడుముకి చుట్టి నాకంటే ముందే నడిచింది.

ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక లోపల జరిగినదాంట్లో నేను చూసింది ఆ తలుపు చెక్క ఒక్కటే. వీధి అరుగు మీద మామ్మ పొడుం డబ్బీ దూరంగా విసిరేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది, మళ్ళీ తుమ్ము వస్తుందేమోనని. నేను తడిబట్టలతో గోడకి ఆనుకుని నిలబడ్డాను. గోడ మీద బల్లి అరిచింది. ఏ దిక్కున అరిచిందో చూడకూడదని కళ్ళు గట్టిగా మూసుకున్నాను, అయినా చెవులు ఆ దిక్కేదో పట్టేశాయి. లోపల ముసలమ్మ గొంతు కసురుతోంది, బతిమాలుతోంది, మళ్ళీ కసురుతోంది. ఒక పెద్ద అరుపు. తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంతకీ తెగదే! నేను దేవుడికి ఏవేవో మొక్కుకున్నాను, వాటిలో ఏదీ ఇప్పుడు గుర్తు లేదు. చివరికి చెంప మీద కొట్టినట్టు ఒక దెబ్బ వినిపించి, వెంటనే కీచుమంటూ ఏడుపు. మామ్మ భోరుమంది.

తలుపు తెరుచుకుంది. "ఆడపిల్లమ్మా," అంటోంది ముసలమ్మ అమ్మతో. "పేగు మెడకి చుట్టుకుపోయింది. ఇంకాసేపు చూసుంటే నేనొచ్చీ చేసేదేం లేదు." మెల్లిగా, మామూలుగా అంది. ఆ మాట నా మీద పిడుగులా పడింది. అమ్మ మాత్రం ముసలమ్మ చేతులు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. మైలా లేదు, మడీ లేదు, ఏటిగట్టు పాకలోంచి వచ్చిన పురిటి చేతులవి అన్న ధ్యాసే లేదు.

సాయంత్రానికి మా అరుగు నిండిపోయింది. అందరూ కలిసి ఆ రోజుని ముక్కలు ముక్కలుగా పంచుకున్నారు. పిల్లి అడ్డం వచ్చి ఆపింది కాబట్టే అంతా మంచికి జరిగిందని అమ్మ. మూడు తుమ్ములు మూడు ప్రాణాలు కాపాడాయని మామ్మ. సగం ఏరే దాటుతామని తను ముందే చెప్పానని సరంగు కొడుకు. అందరికంటే పంచాంగం తాతగారు గట్టి. పాదుక పోయిందని కాసేపు చిందులు తొక్కి, ఆ తరవాత, రావలసిన గండం తన పాదుకతో ఏట్లో కలిసిపోయిందని తేల్చారు. ఒక్కొక్కళ్ళు చెప్తుంటే అదే నిజమేమో అనిపిస్తోంది. అతుకు ఎక్కడా కనపడటం లేదు. నా మటుకు నాకు తోచిందేమిటంటే, పిల్లికీ తుమ్ముకీ తలవంచకుండా నేను నేరుగా రేవుకి వెళ్ళి, నోరు తెరిచి 'ముసలమ్మ కావాలి' అని ఉంటే, అక్క ఆ బాధలో సగం పడేది కాదు. ఆ మాట పైకి అందామనుకున్నాను. వాళ్ళ మొహాల్లో సంతోషం చూసి అనలేకపోయాను. ఇంకో సంగతి కూడా నా నోరు కట్టేసింది. ఏటవతల ఉండాల్సిన ముసలమ్మ సరిగ్గా ఆ రోజుకి ఇవతల, రేవు పక్కనే ఉండటం మాత్రం ఏమిటి? దాన్ని దేవుడి దయ అనుకోవాలని నా ప్రాణం ఎంత కొట్టుకుందో చెప్పలేను. అలా అనుకుంటే మరి ఆ కొత్తజంట విషయంలో ఆ దయ ఏమైందని అడగాల్సి వస్తుంది. అడిగాను. జవాబు రాలేదు. ఈ వయసుకి కూడా రాలేదు.

ఆనాడు పుట్టిన మా మేనకోడలు ఇప్పుడు పిల్లల తల్లి. మొన్న మా ఇంటికి వచ్చింది. నేను గొడుగు తీసుకుని బయలుదేరుతుంటే, వంటింట్లోంచి ఊరంతా వినపడేలా, "ఎక్కడికి మావయ్యా?" అని కేకేసింది. మా ఆవిడ 'శివశివా' అని నుదురు కొట్టుకుంది. ముసలిదైన మా అక్క నా వంక చూసి కళ్ళు దించుకుంది. నేను గొడుగు గోడకి ఆనించి కూర్చున్నాను. ఎక్కడికి వెళ్తున్నానో, ఎవరిని చూడాలో, ఎప్పటికి తిరిగొస్తానో, దారిలో ఏం కొనాలో, మా మేనకోడలు చాలు మహాప్రభో అనేదాకా పూసగుచ్చినట్టు చెప్పాను. దాని దగ్గర నేను దాచేది ఏమీ ఉండకూడదని నాకొక చాదస్తం. చెప్పడం అయ్యాక లేచి గుమ్మం దాటాను. దాటేటప్పుడు ముందు ఎడమకాలు పడబోయింది. ఎవరూ చూడటం లేదు కదా అని దాన్ని వెనక్కి తీసుకుని, మెల్లిగా కుడికాలు పెట్టాను. వెనకనుంచి మా మేనకోడలు పకపకా నవ్వింది. తిరిగి చూడకుండా నేనూ నవ్వుకుంటూ వీధిలోకి దిగాను.